పిచ్ చదును చేసే చేతుల వాటా ఎంత?

పాల్వంకర్ బాలూ బౌలింగ్ గురించి మనవాళ్లు చాలానే రాశారు. నాకు ఆయన జీతం మీద ఆసక్తి. పూణేలోని తెల్లవాళ్ల క్లబ్బులో ఆయనకు నెలకు 4 రూపాయలు ఇచ్చేవారు. రోలర్ లాగడం, నెట్లు కట్టడం, దొరలకు గంటల తరబడి బంతులు వేయడం ఆయన పని. బ్యాట్ మాత్రం చేతికిచ్చేవారు కాదు. చమార్ కులంలో పుట్టిన ఆయనే 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశారు. అయినా హిందూ జట్టు కెప్టెన్సీ దక్కలేదు.

ఐపీఎల్‌తో ఆ కథ ముగిసిందని, వేలంపాటకు కులం తెలియదని సెమినార్లలో తరచూ వింటుంటాను. సరే, మార్కెట్ లెక్కే చూద్దాం. 2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. సగటున సీజన్‌కు 9,678 కోట్లు. 2025లో ఒక్కో జట్టు ఆటగాళ్లపై పెట్టగల గరిష్ఠ ఖర్చు, మ్యాచ్ ఫీజులతో కలిపి, 146 కోట్లు. పది జట్లకు 1,460 కోట్లు. అంటే ప్రసార ఆదాయంలో దాదాపు 15 శాతం. టికెట్లు, స్పాన్సర్లు ఈ లెక్కలోకి రానే లేదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాళ్ల వాటా దాదాపు సగం. అక్కడి యజమానులేమీ ఉదారులు కారు. ఆటగాళ్లకు యూనియన్ ఉంది, లాకౌట్లను తట్టుకుని ఒప్పందాలు రాయించుకుంది. మన దగ్గర ఆడుతున్న క్రికెటర్లకు అలాంటి యూనియన్ లేదు. 27 కోట్ల రిషభ్ పంత్ మీద జాలిపడమని నేను అనడం లేదు. అంత పేరున్నవాళ్లే కలిసి బేరమాడలేని చోట రోలర్ లాగేవాళ్ల మాట ఎవరు వింటారు?

2024 ఫైనల్ తర్వాత బోర్డు పది ప్రధాన మైదానాల సిబ్బందికి 25 లక్షల చొప్పున, విశాఖపట్నం సహా మూడు అదనపు వేదికలకు 10 లక్షల చొప్పున నజరానా ప్రకటించింది. మంచిదే. కానీ నజరానా ఇచ్చేవాళ్ల దయ. వచ్చే ఏడాది ఇవ్వకపోతే నిలదీయడానికి చేతిలో కాగితం ఉండదు.

పన్ను దగ్గరికొచ్చేసరికి ఈ బోర్డు చారిటబుల్ సంస్థ. ఐపీఎల్ ఉన్నా ఆ హోదా పోదని 2021లో ముంబై ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ తేల్చింది. సమాచార హక్కు దగ్గరికొచ్చేసరికి అదే బోర్డు ప్రైవేటు సంస్థ! దాన్ని ఆ చట్టం కిందికి తేవాలని 2018లో లా కమిషన్ సిఫార్సు చేసింది. 2025 జాతీయ క్రీడా పాలన చట్టమేమో ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే ఆ బాధ్యతను పరిమితం చేసింది. వదులుకున్న పన్ను ప్రజల సొమ్ము కాదా?

ఆ మినహాయింపు అనుభవిస్తున్నంత కాలం అకాడమీల్లో, సెలక్షన్ కమిటీల్లో, మైదాన సిబ్బందిలో ఏ కులంవాళ్లు ఎందరున్నారో, ఎవరికెంత ముడుతోందో బోర్డు ఏటా ప్రకటించాలి. అది ప్రకటించేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఎకనామిక్స్ మిత్రులు జట్ల బ్రాండ్ విలువ మీద పేపర్లు రాస్తూనే ఉన్నారు. గ్రౌండ్‌మెన్ కాంట్రాక్టుల మీద, వాళ్ల పీఎఫ్ మీద, మ్యాచ్‌లు లేని నెలల్లో వాళ్లకొచ్చే కూలి మీద ఒక్క థీసిస్ అయినా రిజిస్టర్ చేయించండి.