గాజుల గదుల్లో నేర్పేది పని కాదు

సంపాదకులకు,

హైదరాబాద్ పాతబస్తీ గాజుల పరిశ్రమపై గత సంచికలో వచ్చిన వ్యాసంలో 'పిల్లలు పని నేర్చుకుంటే తప్పేమిటి' అన్న వాదనతో నేను ఏకీభవించలేను. 2015 జనవరిలో హైదరాబాద్ పోలీసులు అక్కడి ఇరుకు గదుల్లోంచి 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బిహార్ నుంచి దళారులు తెచ్చినవాళ్లే. కన్నవాళ్ల చేతిలో కాస్త అడ్వాన్సు పెట్టి, గాలి ఆడని గదిలో, రసాయనాల ఘాటులో, గాజుకు ఒక్కొక్క రాయీ అతికిస్తూ పొద్దస్తమానం పిల్లల్ని కూర్చోబెట్టడం వృత్తివిద్య ఎలా అవుతుంది? అది ముమ్మాటికీ వెట్టిచాకిరీ. వెట్టిచాకిరీని రద్దు చేసిన 1976 నాటి చట్టం ప్రకారం అలాంటి అడ్వాన్సు బాకీ చెల్లనే చెల్లదు. వ్యాపారుల పొట్ట కొట్టమనడం లేదు. పెద్దవాళ్లకు న్యాయమైన కూలి ఇచ్చి చేయించండి. డజను గాజులకు పది రూపాయలు ఎక్కువైనా కొంటాం. పనిలో పిల్లలు కనబడితే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేద్దాం.

- ఒక పాఠకురాలు, వరంగల్