మార్పునకు ముందు మరమ్మతు

వేగముగల మోటారుబండిని కొన్నవానికి మరునాటినుండియే రెండు కోరికలు పుట్టును. బండి చెడకుండ నుండవలెననునది యొకటి. ఉన్నదానికంటె నింకను వేగముగ పోవలెననునది మరియొకటి. మొదటిది చూచుకొనక రెండవదానికి పోవుట ప్రాణాపాయమని మా యభిప్రాయము.

జపానులో నిస్సాన్ కంపెనీవారు 1989లో స్కైలైన్ జి.టి.ఆర్. అను బండిని వెలువరించిరి. ఆరు సిలిండర్లు, 2,568 ఘన సెంటీమీటర్ల ఇంజను, రెండు టర్బోలు. 1990 మొదలు 1993 వరకు ఆ దేశపు టూరింగ్ కార్ల పోటీలలో 29 పందెములకు 29యు గెలిచినది. కాగితముమీద మాత్రము దాని బలము 280 అశ్వశక్తులే. అంతకు మించి ప్రకటింపరాదని జపాను కంపెనీలు తమలో తాము చేసికొన్న మర్యాద ఒడంబడిక యట్టిది. (ప్రకటింపరాదనియే గాని, ఇంజనులో దాచియుంచరాదని కాదు!) ఆ రహస్య మెరిగిన యువకులు టర్బోల యొత్తిడిని పెంచసాగిరి. అందలి చక్రములు లోహముతో గాక పింగాణిజాతి పదార్థముతో చేసినవి. తేలికగ తిరుగును గాని ఒత్తిడి మితిమీరినచో పగిలిపోవును. తొలినాటి బండ్లలో నూనెపంపును త్రిప్పు క్రాంకుదండముపై ఆనిక మిక్కిలి యిరుకు. ఆ పంపు విరిగెనా, నూనె యాగి క్షణములలో ఇంజను సర్వనాశనము.

కావున పనితెలిసిన మేస్త్రీ బలము జోలికి పోకముందు నూనెపంపును, నీటిగొట్టములను, టైమింగు బెల్టును, బ్రేకులను, టైర్లను చూచును. ఇది చూపరులు మెచ్చని పని. సైలెన్సరు పెరికి వీధి యదరునట్లు మ్రోగించుట సులువు, చప్పట్లును దానికే.

ఆ బండి నిర్మాణము 1994లోనే ఆగినది. అయినను 2017 డిసెంబరునుండి కంపెనీవారే దాని పాత భాగములు కొన్నిటిని మరల చేయించి యమ్ముచున్నారు. బండి నిర్మాణమును మార్చినవారు దానిని ప్రత్యేక పరీక్షకు నిలిపి, నెగ్గినచో పత్రములలో నమోదు చేయించుకొను పద్ధతియు నక్కడ గలదు.

మనకో? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, గ్యాసు కిట్టు వంటి కొలది మినహాయింపులు తప్ప, తయారీదారుడు నిర్దేశించిన లక్షణములు మారునట్లు బండిని సవరింపరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టును దానినే ధ్రువపరచినది. చెవులు పగులు మ్రోతకు జరిమానా వేయుడు, కాదనము. గట్టి బ్రేకులు బిగించినవానిని, సైలెన్సరు పెరికినవానిని ఒకే గాట కట్టుట మాత్రము మాకు సమ్మతము గాదు.

విడిభాగముల కథ వేరు. వానిని, లోపము కనుగొను పరికరములను స్వతంత్రులైన మేస్త్రీలకు అందనీయకున్నారని 2014 ఆగస్టులో కాంపిటీషను కమిషను 14 మోటారు కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించినది. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. మేస్త్రీ చేతిలో పరికరము లేనప్పుడు యజమాని కంపెనీ గుమ్మమున పడిగాపులు కాయవలసినదే.

విజయవాడ ఆటోనగరమున చేతిపని తెలిసినవారికి కొదువలేదు. వారికి భాగములను, మరమ్మతు గ్రంథములను వెలకే యమ్మింపుడు. వారు చేసిన మార్పును పరీక్షించుటకు జిల్లాకొక ఇంజనీరును నియమింపుడు. పరీక్షలో ఓడిన బండిని, అది యెంతటివానిదైనను, రోడ్డెక్కనీయకుడు.