పటాన్ని నీట కలపకముందే
తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

చేర్యాల నకాషీ చిత్రకారులు రాసిన పటాలు కథకుల కుటుంబాలకు తరతరాల ఆస్తి. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణాన్ని పటం చూపుతూ చెబుతారు. ఏ ఊళ్లో కథ చెప్పే హక్కు ఎవరిదన్నది వంశపారంపర్యం. అన్నదమ్ముల పంపకాల్లో ఊళ్లనూ పంచుకుంటారు. ఎర్రటి నేపథ్యం మీద వరుసలు తీరిన బొమ్మల్లో పురాణంతో పాటు పల్లె జనం దుస్తులు, పనిముట్లు, వేడుకలూ నిలిచాయి. ఊరి చరిత్రకు ఇంతకన్నా విలువైన ఆధారాలు అరుదు.

పటం శిథిలమైతే కొత్తది రాయించి, పాతదాన్ని పూజించి నదిలో కలపడం ఆచారం. అది గౌరవించదగినదే. అయితే కథకుల అనుమతితో, నిమజ్జనానికి ముందే పటాన్ని ఫొటో తీయించాలి. కథనాన్ని, ఆ కుటుంబానికి హక్కున్న ఊళ్ల వివరాలను కూడా నమోదు చేయించాలి.