సీటు చేతికి రాకముందే లెక్క తేలాలి

బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, ఏడాది ఆసుపత్రిలో పనిచేసి, ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టుకునే ప్రతి అమ్మాయికీ ఇంట్లోనూ వార్డులోనూ వినిపించే సలహా ఒకటే. "ముందు సీటు పట్టమ్మా, డబ్బులూ గదీ తర్వాత చూసుకోవచ్చు. నర్సుకు పని దొరక్కపోతుందా?" ఈ మాట చెప్పే సీనియర్ సిస్టర్లూ, మేనమామలూ, పాఠం చెప్పిన మేడమ్‌లూ ఆ పిల్ల బాగు కోరేవాళ్లే. అయినా ఈ సలహా తప్పు. దీన్ని నమ్మి చేరినవాళ్లు రెండేళ్లపాటు అప్పుతోనూ నిద్రలేమితోనూ కుస్తీ పట్టి, ఏ చదువు కోసం ఇంత కష్టపడ్డారో ఆ చదువునే సగం సగంగా ముగించి బయటికి వస్తున్నారు. డబ్బు లెక్క, ఉండే చోటు లెక్క తేలాకే ఎమ్మెస్సీ ఫీజు కట్టాలి. ఇందులో బేరం లేదు.

ఈ సలహాకు ప్రాణం పోసేది ఒక నమ్మకం: నర్సు కాబట్టి నైట్ డ్యూటీలు చేసుకుంటూ పగలు చదువుకోవచ్చని. చాలాకాలంగా నడుస్తున్న ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ ఒకసారి తెరిచి చూడండి. మొదటి ఏడాది 600 గంటల థియరీ, 1,100 గంటల ప్రాక్టికల్. రెండో ఏడాది థియరీ 300కు తగ్గి, ప్రాక్టికల్ 1,400కు పెరుగుతుంది. అంతా కలిపితే 3,400 గంటలు. సెలవులూ పరీక్షలూ పోగా ఏడాదికి 43 వారాలు, వారానికి 40 గంటలు అని లెక్క కట్టి తయారుచేసిన కోర్సు ఇది. పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరుండాలి. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు శాతం ఉండాలి. ఇదే ఒక పూర్తికాలం ఉద్యోగం. దీనిమీద వారానికి మూడు రాత్రులు, ఒక్కోటి 12 గంటల చొప్పున వేసుకుంటే మరో 36 గంటలు. ఇక నిద్రకు ఏం మిగిలింది? చదువుకు ఏం మిగిలింది?

ఏం మిగులుతుందో క్లినికల్ పోస్టింగ్‌లో ఒక ఉదయం చూశాను. ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని ముందురోజు రాత్రి ఎనిమిదికి ఒక ప్రైవేటు ఐసీయూలో హ్యాండోవర్ తీసుకుంది. తెల్లారి ఎనిమిదికి అప్పగించి, బస్సెక్కి, ఏప్రన్ మార్చుకుని తొమ్మిదికల్లా మా దగ్గరికొచ్చింది. కేర్ ప్లాన్ రాస్తూ రాస్తూ నర్సింగ్ డయాగ్నోసిస్ గడి దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. ఆమె చూడాల్సిన రోగి పక్కన ఇన్‌ఫ్యూజన్ పంపు అలారం మోగుతుంటే, పక్క మంచం పేషెంటు తల్లి వచ్చి భుజం తట్టి లేపింది. క్లాసులో అందరికంటే ముందుండే పిల్ల ఆమె. నెలనెలా గది అద్దె కట్టడానికి ఆ రాత్రులు తప్ప ఆమెకు వేరే దారి లేదు. దీన్ని మనవాళ్లు కష్టపడే గుణమని మెచ్చుకుంటారు. ఇందులో మెచ్చుకోదగిందేమీ లేదు. రోగికి ప్రమాదం, విద్యార్థికి నష్టం, దాన్ని చూస్తూ ఊరుకున్న మాలాంటి అధ్యాపకులకు సిగ్గు.

రెండో నమ్మకం, ఖర్చంటే ఫీజేనని. కాలేజీ బోర్డుమీద రాసిన అంకె చూసి "ఇంతేగా, బంగారం పెడితే వస్తుంది" అంటారు. అసలు ఖర్చు ఆ బోర్డుమీద ఉండదు. అన్నిటికంటే పెద్దది పోగొట్టుకునే జీతం. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో ఏర్పడిన కమిటీ, 50 పడకలకన్నా చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. ఆ సిఫారసును పట్టించుకోని ఆసుపత్రులు మన చుట్టూ ఎన్నో ఉన్నాయన్నది వేరే పోరాటం. కనీసం ఆ 20 వేలే లెక్క వేసుకున్నా, రెండేళ్లకు వదులుకునేది 4 లక్షల 80 వేలు. ఆ జీతంలోంచి ఇంటికి డబ్బు పంపుతున్న అమ్మాయైతే ఆ లోటు ఆమెది మాత్రమే కాదు, ఇంటిల్లిపాదిదీ.

ఆ తర్వాత వరుసపెట్టి వచ్చే చిన్న ఖర్చులు. టీచింగ్ ప్రాక్టీసుకు చార్టులు, ఫ్లాష్ కార్డులు, మోడళ్లు సొంత డబ్బుతోనే చేసుకోవాలి. రెండో ఏడాది డిసర్టేషన్ మొదలైతే డేటా కోసం తిరుగుడు, లెక్కలు కట్టించినందుకు స్టాటిస్టీషియన్‌కు ఫీజు, ప్రింటింగు, బైండింగు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. అన్నీ కలిసి ఒకే నెలలో మీద పడినప్పుడు వడ్డీకి అప్పు తెచ్చేది వీటికోసమే.

వీటికంటే ప్రమాదకరమైనది పాత అప్పు. బ్యాంకుల ఆదర్శ విద్యారుణ పథకంలో కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. ఎమ్మెస్సీ అర్హతకు కావలసింది కూడా సరిగ్గా ఒక ఏడాది అనుభవం. అంటే బీఎస్సీకి లోను తీసుకున్న అమ్మాయి ఆ ఏడాది పూర్తిచేసి, ఉద్యోగం మానేసి, ఎమ్మెస్సీలో అడుగుపెట్టే వేళకే పాత లోను ఈఎంఐ మొదలవుతుంది. జీతం ఆగిన నెలా, వాయిదా మొదలైన నెలా దాదాపు ఒకటే. పై చదువుకు వెళ్తున్నామని ముందే బ్యాంకుకు రాసిస్తే, పాత లోనుమీద టాప్-అప్ ఇచ్చి వాయిదాలను తిరిగి సర్దే వీలు ఆ పథకంలో ఉంది. కానీ రెండు ఈఎంఐలు ఎగ్గొట్టి, హామీ పెట్టిన నాన్నకు నోటీసు వచ్చాక బ్యాంకుకు వెళ్తే మేనేజర్ మాట వేరుగా ఉంటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ ఒక్కసారే దక్కుతుంది. బీఎస్సీకి వాడుకున్నవాళ్లకు ఎమ్మెస్సీకి ఉండదు. నాలుగు లక్షల కొత్త లోనుకు పది శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 40 వేలు ఈసారి తన తలమీదే పడుతుంది. "తర్వాత చూసుకుందాం" అనేవాళ్లెవరూ ఈ మాట చెప్పరు.

"ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందిలే" అనేది మరో భరోసా. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులను ఆ పథకం నుంచి తప్పించింది. తెలంగాణలో బకాయిలు ఎంతకీ రాక 2025లో ప్రైవేటు కాలేజీలే బంద్‌కు దిగాయి. ప్రభుత్వాలు మారతాయి, జీవోలు మారతాయి. విద్యార్థి చేరే ఏడాది అమల్లో ఏముందో, డబ్బు ఎప్పుడొస్తుందో, అప్పటిదాకా కాలేజీ ఆగుతుందో లేదో కనుక్కోకుండా ఆ సొమ్మును చేతిలో ఉన్నట్టు లెక్కపెట్టుకోవడం ఆత్మవంచన.

ఇక ఉండే చోటు. డబ్బు గురించైనా నాలుగు మాటలు మాట్లాడుకుంటారు గానీ, గది సంగతి ఎవరికీ పట్టదు. "హాస్టళ్లకేం కొదవ, అమీర్‌పేటలో అడుగుకో హాస్టల్" అంటారు. కోచింగ్ తీసుకునేవాళ్లకు సరిపోయే హాస్టల్ నర్సింగ్ పీజీకి సరిపోదు. ఈమె తెల్లవారకముందే బయల్దేరాలి. హాస్టల్‌లో టిఫిన్ ఎనిమిదికి. పోస్టింగ్ ముగించుకుని వచ్చేసరికి గేటు మూసేస్తారేమో. నైట్ పోస్టింగ్ చేసొచ్చి పగలు పడుకుందామంటే నలుగురున్న గదిలో ఫోన్ల గోల. పైగా హైదరాబాద్‌లో చదివే అమ్మాయికి కాలేజీ ఒకచోట, పోస్టింగ్ ఒకచోట. సైకియాట్రిక్ నర్సింగ్ తీసుకుంటే ఎర్రగడ్డ, చైల్డ్ హెల్త్ అయితే నీలోఫర్, ప్రసూతి అయితే పేట్లబుర్జు, కమ్యూనిటీ అయితే ఊరవతల పీహెచ్‌సీ పడొచ్చు. కాలేజీ గేటు పక్కన ఎక్కువ అద్దెకు గది తీసుకుని రోజూ ఊరంతా తిరిగేకంటే, తన స్పెషాలిటీకి పోస్టింగులు ఎక్కడ పడతాయో సీనియర్లను అడిగి, ఆ దారిలో గది చూసుకోవడం మేలు. ఉదాహరణకు ఎర్రగడ్డ, పంజాగుట్ట, లక్డీకాపూల్, కోఠి ఒకే మెట్రో లైనుమీద ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు చాలా రకాల ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. కాబట్టి దూరం లెక్క మారింది. ఇప్పుడు చూసుకోవాల్సింది బస్సు దిగాక చీకట్లో ఎంత నడవాలి, రాత్రి గేటు ఎవరు తీస్తారు, ఖాళీ చేస్తే అడ్వాన్స్ తిరిగిస్తారా అన్నవి. ఈ ప్రశ్నలకు జవాబులు ఫోన్లో దొరకవు. ఒకరోజు సెలవు పెట్టి వెళ్లి, గది చూసి, అక్కడుండే పిల్లలతో మాట్లాడితేనే తెలుస్తాయి.

"ఎమ్మెస్సీ అయ్యాక జీతం పెరుగుతుంది, అప్పు అదే తీరుతుంది" అనే మాటనూ నిలదీయాలి. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ మూలవేతనం 44,900తో మొదలవుతుంది. ఆ పోస్టుకు బీఎస్సీ చాలు. ఎమ్మెస్సీ తలుపు తెరిచేది ముఖ్యంగా బోధనకు, స్పెషాలిటీ పనికి. పాఠం చెప్పాలనే కోరిక ఉన్నవాళ్లకు అంతకంటే మంచి దారి లేదు. అయితే తాను చేరబోయే ఊళ్లో ప్రైవేటు నర్సింగ్ కాలేజీ ట్యూటర్‌కు నిజంగా ఎంతిస్తున్నారో ఇద్దరు ముగ్గురిని అడిగి, ఆ జీతంతో తీరే అప్పే చేయాలి. ఆశపడిన జీతాన్ని చూసి అప్పు చేయకూడదు.

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. "ఇన్ని లెక్కలు వేస్తే పేదింటి పిల్లలు ఎప్పటికీ చదవరు. ధైర్యం చేసి దూకినవాళ్లే పైకొచ్చారు" అంటారు. దూకి పైకొచ్చినవాళ్లు మన కళ్లకు కనిపిస్తారు. మధ్యలో మానేసినవాళ్లు, సర్టిఫికెట్లు ఫీజు బకాయి కింద కాలేజీలో ఇరుక్కుపోయినవాళ్లు మనకు కనిపించరు. ఉన్నింటి పిల్ల లెక్క తప్పితే నాన్న ఫోన్‌పే చేస్తాడు. లేనింటి పిల్ల లెక్క తప్పితే చెల్లెలి చదువు ఆగిపోతుంది. కాబట్టి లెక్క అవసరం పేదవాళ్లకే ఎక్కువ. ఒక ఏడాది ఆగి, పాత లోను కొంత తగ్గించి, ప్రభుత్వ కాలేజీ సీటుకు మళ్లీ ప్రయత్నించిన అమ్మాయిని వెనకబడిందనడం అన్యాయం.

లెక్కంతా విద్యార్థినే వేసుకోమని వదిలేస్తే మరో తప్పు చేసినట్టే. ఎండీ చేసే డాక్టరుకు స్టైపెండ్ ఉంది. అదే వార్డులో, అదే రోగి దగ్గర స్పెషాలిటీ పోస్టింగుల్లోనే రెండేళ్లలో 1,600 గంటలు నిలబడే ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థికి మన దగ్గర చాలాచోట్ల రూపాయి లేదు. ఆమె పనితో ఆసుపత్రి నడుస్తున్నప్పుడు ఆమె తిండికీ గదికీ ఆసుపత్రి బాధ్యత వహించాలి. కాలేజీలు ఫీజుతోపాటు హాస్టల్ ఖర్చు, పోస్టింగ్ స్థలాలు, డిసర్టేషన్ ఖర్చు అన్నీ ప్రాస్పెక్టస్‌లో అచ్చువేయాలి. ఇది అడగడం మా అధ్యాపకుల పని.

అది జరిగేదాకా చేరబోయేవాళ్లకు నేను చెప్పేది ఇది. కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా ఖాతాలో ఉండాలి. పాత లోను గురించి బ్యాంకు మాట కాగితంమీద ఉండాలి. స్వయంగా చూసి మాట్లాడుకున్న గది ఉండాలి. ఈ మూడూ లేకుండా ఫీజు కట్టమని ఎంత దగ్గరివాళ్లు చెప్పినా వినొద్దు.