ఈసుకుపోయిన చూడి

ఏడెనిమిది మాసములు కడుపున మోసిన దూడను గేదె అకాలమున విడిచినప్పుడు, మన పల్లెలలో 'ఈసుకుపోయినది' అని ఒక్కమాటతో సరిపుచ్చి, దిష్టి తగిలినదనియో దెబ్బ తగిలినదనియో కారణము కల్పించి, ఆ పిండమును మాయతో సహా కాలువలో పారవేయుట పరిపాటి. ఇట్లు చూడిని పోగొట్టు బ్రూసెల్లా సూక్ష్మజీవికి కావలసినదియు అదియే. ఏలయన అది గర్భకోశమున విస్తారముగా వృద్ధిపొంది, ఆ స్రావములతోనే మేతకును నీటికిని, అచటినుండి పొరుగు పశువునకును వ్యాపించును. 1887లో మాల్టా ద్వీపమున జ్వరముతో మరణించిన సైనికుల ప్లీహములందు డేవిడ్ బ్రూస్ కనుగొన్నది దీని సజాతీయమైన క్రిమినే. పచ్చిపాలు త్రాగువారికిని, ఉత్తచేతులతో మాయ తీయువారికిని నేటికిని విడిచి విడిచి వచ్చు జ్వరము, కీళ్లనొప్పులు దీనివలన కలుగుచున్నవి.

నాలుగు నుండి ఎనిమిది మాసముల వయసు పెయ్యదూడకు జీవితమున ఒక్కసారి ఈ రోగమునకు టీకా వేయింపవలెను. 2019లో కేంద్రప్రభుత్వము గాలికుంటుతోపాటు దీనికిని జాతీయ కార్యక్రమము నారంభించినది, సంతోషమే. కాని టీకా రేపటి మందకు రక్షణయే గాని, నేటి రోగిష్ఠి పశువునకు చికిత్స కాదు. పరీక్షలో రోగము తేలిన గేదెను రైతు ఏమి చేయవలెను? అప్పుచేసి కొన్నదానిని ఊరక వదలుకొమ్మని చెప్పుట సులభము. ఆతడు మాత్రము నోరు మెదపక, వచ్చు సంతలో మరియొక పేదవానికి అమ్మివేయును. ఆతనిని నిందించుటకు నాకు నోరాడదు. అట్టి పశువును మందనుండి తొలగించుటకు ప్రభుత్వమే పరిహారమీయవలెను. అదియు సంతనాడు ఆ గేదెకు పలుకు ధరకు దగ్గరగా నుండవలెను.