గోదారి వెనకనుంచి వస్తుంది

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏజెన్సీ పల్లెల్లో ఈ అంకెలు చిన్నపిల్లలకూ తెలుసు. అయినా ‘మూడోది రానీ, అప్పుడు చూద్దాం’ అని ఇళ్లలోనే ఉండిపోతున్నారు. ఈ ధీమా ప్రాణాల మీదికి తెస్తుంది.

ఈ లోయ తీరే వేరు. ఎగువన విశాలంగా పరుచుకుని వచ్చిన నది పాపికొండల మధ్య ఇరుకున పడుతుంది. వచ్చిన నీళ్లన్నీ ఆ సందులోంచి ఒక్కసారిగా దిగలేక వెనక్కి తంతాయి. కూనవరం దగ్గర కలవాల్సిన శబరి ముందుకు పోలేక ఎగదన్నుతుంది. దానిలో కలిసే వాగులూ అంతే. అందుకే కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాల్లో చాలాచోట్ల నీళ్లు చేల వెనక వాగులోంచి చప్పుడు చేయకుండా ఎక్కుతాయి. కల్వర్టు మునిగి ఊరికి దారి తెగిపోయే వేళకు ఇంటి గడప ఇంకా పొడిగానే ఉంటుంది. మోసమంతా అక్కడే.

ఇక్కడ ఎండ కాస్తోంది కదా అనుకోవద్దు. మన వరదలో పెద్ద వాటా ప్రాణహిత, ఇంద్రావతి మోసుకొచ్చేదే. విదర్భలో, బస్తర్‌లో కుండపోత కురిస్తే ఇక్కడ చినుకు పడకపోయినా గోదారి పెరుగుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరింది. 2022లో జూలైలోనే 71 అడుగులు దాటింది. ‘పెద్ద వరదకు ఇంకా టైముందిలే’ అనే మాట ఆ ఏడుతోనే చెల్లిపోయింది.

పడవల సంగతి మరీ ఘోరం. 2019 సెప్టెంబరు 15న వరద ఉండగానే పాపికొండల దారిలోని కచ్చులూరు దగ్గరికి వెళ్లిన పర్యాటక బోటు మునిగింది. దాన్ని పైకి తీయడానికి నెల దాటింది. ఆ ఇరుకులో సుడులకు సరంగు అనుభవం ఒక లెక్క కాదు. వరద ఉన్నన్నాళ్లు విహారం మానండి, టికెట్ డబ్బు పోతే పోయింది.

మొదటి హెచ్చరికకే గర్భిణులను, ముసలివాళ్లను, పశువులను మెట్టకు చేర్చండి. ఆధార్, రేషన్ కార్డు, పట్టా పుస్తకం వెంట ఉంచుకోండి. అధికారులకూ ఒక మాట: బియ్యం, టార్పాలిన్లు, లాంచీలు దారి తెగాక బయలుదేరితే ఎవరికీ అందవు. ఇప్పుడే పంపండి.