ఏ వరసన మామ?

మా బడి మెట్ల మీద పదో తరగతి పిల్లలు నలుగురు కూర్చుంటే మాటకి ముందొక 'మామా', వెనకొక 'మామా'. "లెక్కలు చేశావా మామా?" "లైట్ తీస్కో మామా." ఇద్దరు మన పల్లె పిల్లలు, ఇద్దరు ఊళ్ళోవాళ్ళు. అబద్ధమెందుకు, నాకు ముచ్చటేసింది. మా నాన్నని కొడుకు వయసు ఊరి పిల్లలు 'ఒరే' అనేవాళ్ళు. ఆయన వాళ్ళని 'అయ్యా' అనేవాడు. అక్కడ్నించి ఇక్కడికొచ్చాం.

అయితే ఈ మాట ఎక్కడిది? మనలో మేనరికం ఉంది. మామ, బావ అంటే పిల్లనిచ్చి పుచ్చుకునే వరస. పరాచికాలు ఆ వరసలోనే చెల్లుతాయి. స్నేహితులు ఆ చనువు కోసమే మాటని ఎత్తుకున్నారు. తమిళుల 'మచ్చాన్' కూడా బావమరిది మాటే, 'మచ్చా' అయి బెంగుళూరు దాకా పాకింది. మన 'మామా'ని కాలేజీలు, హాస్టళ్ళు, సినిమాలు ఊరూరికీ మోసుకొచ్చాయి. హైదరాబాదు 'యార్'కి ఈ తంటా లేదు, దోస్తు అంటే దోస్తే.

కానీ మన పిల్లవాడు సెలవు రోజున ఆ 'మామ' ఇంటికెళ్తే గేటు బయటే నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు. లోపల పెద్దాళ్ళుంటారు గదా! అక్కడ 'మామా' నోటికి రాదు.

ఇంకో చుట్టరికం మాట చూడండి. నేను డిగ్రీ చదివే రోజుల్లో స్కాలర్‌షిప్పు పిల్లల్ని తోటివాళ్ళు 'గవర్నమెంటు అల్లుళ్ళు' అనేవాళ్ళు. మమ్మల్ని 'మామా' అన్న నోళ్ళే. మేమూ నవ్వేవాళ్ళం, గుంపులో ఉండాలి గదా! ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నలుగురిలో కులం పేరెత్తి తిడితే నేరమని అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ తేటగా చెప్పింది. ఈ మాటలో కులం పేరుండదు, అయినా ఎవర్నంటున్నారో అందరికీ తెలుసు.

గవర్నమెంటుకి అల్లుళ్ళం కావచ్చు గాని వాళ్ళింటికి కాలేం. అయిన ప్రణయ్‌ని 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్య కళ్ళెదుటే నరికారు. మొదటి ముద్దాయి పిల్లనిచ్చే వరస మామే. తీర్పు రాకముందే 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

పిల్లల్ని 'మామా' అనొద్దని మేం అనడం లేదు. అననివ్వండి, ఇంకా గట్టిగా అననివ్వండి, గేటు దగ్గర కూడా. 'అల్లుళ్ళు' మాట మాత్రం ఏ బడిలో, ఏ హాస్టల్లో వినపడినా అక్కడే నిలదీయండి. ఎక్కడ, ఎవరి నోట విన్నారో మాకు రాయండి. వచ్చే సంచికలో వేస్తాం.